రెండు బకెట్ల నీళ్ళు, నాలుగు పాత టైర్లు

మే నెలాఖరులో ఒక గురువారం ఉదయం ఆరూ పదికి షికాగో పక్కనున్న నేపర్‌విల్‌లో మా ఇంటి ముందు నుంచి కదిలాం. అనుకున్నది అయిదున్నరకి. మావారు రఘు, చక్రాల మీద చిన్న ఇల్లులాంటి మా ట్రైలర్‌ని ట్రక్కుకి తగిలించి, గొలుసులు బిగించి, వెనక లైట్లు వెలుగుతున్నాయో లేదో నన్ను నిలబెట్టి చూపించుకుని, మళ్ళీ మొదటినుంచి అన్నీ చూశారు. ఇరవై రెండేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసిన మనిషి. ఏదీ ఒకసారి చూసి వదిలిపెట్టరు. కాఫీ ఫ్లాస్కు మూత కూడా రెండుసార్లు బిగిస్తారు.

వెళ్ళాల్సింది సౌత్ డకోటాకి, బ్లాక్ హిల్స్ కొండలకి కాస్త ఇవతల, చిన్న సరస్సు పక్కన, ట్రైలర్లూ గుడారాలూ వేసుకునే క్యాంప్‌గ్రౌండ్‌కి. తొమ్మిది వందల మైళ్ళ పైచిలుకు. మేం వెళ్ళేది సెలవులకి కాదు, పనికి. క్యాంప్ హోస్ట్ అంటారు. వేసవి నాలుగు నెలలూ అక్కడే మన ట్రైలర్‌లో ఉండాలి. వచ్చేవాళ్ళకి చోటు చూపించాలి, చిన్నాచితకా రిపేర్లు చేయాలి, స్నానాల గదులు బాగున్నాయో లేదో చూడాలి. కరెంటు, నీళ్ళు, చోటు వాళ్ళవి. కొద్దిగా జీతం కూడా ఉంటుంది. షరతు ఒక్కటే: శనివారం మధ్యాహ్నం పన్నెండుకల్లా ట్రైలర్‌తో సహా అక్కడ ఉండాలి. లేకపోతే ఆ చోటు వెయిటింగ్ లిస్టులో తర్వాతి వాళ్ళకి ఇచ్చేస్తారు. మేనేజర్ ఆ మాట మెయిల్‌లో రాసింది, ఫోన్‌లోనూ చెప్పింది.

ఇంత దూరం ఎందుకు అని మా స్నేహితులు అడిగారు. మావారి ఉద్యోగం సెప్టెంబర్‌లో పోయింది. ఆ తర్వాత ఎనిమిది నెలలు ఆయన అప్లికేషన్లు పెడుతూనే ఉన్నారు, ఇంటర్వ్యూలకి కోటు వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చుంటూనే ఉన్నారు. మొదట్లో రాత్రి భోజనాల దగ్గర ఆ కబుర్లు చెప్పేవారు. జనవరి వచ్చేసరికి చెప్పడం మానేశారు. మార్చికల్లా ఉప్పు అందించమని అడగడం తప్ప మా ఇంట్లో మాటల్లేవు. ఆ ఎనిమిది నెలల్లో ఆయనకి 'సరే, రండి' అని చెప్పిన మొదటి మనిషి ఆ క్యాంప్‌గ్రౌండ్ మేనేజర్. ఆ మెయిల్ ఆయన నాకు రెండుసార్లు చదివి వినిపించారు. అందుకే శనివారం పన్నెండు గంటలు నాకు అంత ముఖ్యం.

ఇక ట్రైలర్ సంగతి. ఇరవై రెండు అడుగుల పొడవు, పద్దెనిమిదేళ్ళ వయసు. మంచం, పొయ్యి, సింకు, ఒక మనిషి పక్కకి తిరిగి నిలబడేంత బాత్రూమ్. కిందటి ఆగస్టులో, ఉద్యోగం ఉండగానే, పక్క ఊరి ముసలి దంపతుల దగ్గర కొన్నాం. 'టైర్లు చూడు, గీతలు ఎంత లోతుగా ఉన్నాయో, కొత్తవే' అని మావారు మురిసిపోయారు. అక్టోబర్‌లో మూడు వారాంతాలు పైకప్పు మీద కూర్చుని, అతుకులన్నింటికీ కొత్త సీలెంట్ పూశారు. ఆ చలికాలమంతా ఆయన నవ్వుతూ చెప్పిన విషయం అదొక్కటే, 'ఒక్క చుక్క కూడా దిగదు విజయా' అని.

నా సంగతి కూడా చెప్పాలి. పాతికేళ్ళుగా ఈ దేశంలో చెక్క నేలల మీదా కార్పెట్ల మీదా బతుకుతున్నాను. తుడవడం, వాక్యూమ్ చేయడం తప్ప నీళ్ళు పోసి కడిగింది లేదు. కడగని నేల శుభ్రమైన నేల కాదని నా మనసులో ఎక్కడో ఉండిపోయింది. ట్రైలర్ కొన్నాక మొదటి శుక్రవారం దాన్ని ఉంచిన స్టోరేజ్ స్థలానికి వెళ్ళి తలుపు తెరిస్తే, గుమ్మం లోపలి నేలకి సమానంగా, అడ్డుపట్టీ లేకుండా ఉంది. పక్కనే నీళ్ళ కుళాయి. పాతవాళ్ళ కుక్క వాసన ఇంకా పోలేదు. రెండు బకెట్ల నీళ్ళలో నిమ్మవాసన వచ్చే క్లీనర్ కలిపి, సింకు దగ్గరనుంచి దిమ్మరించి, ఇండియా నుంచి తెచ్చుకున్న చీపురుతో సర్రున గుమ్మంలోంచి బయటికి తోసేశాను. ఆ నీళ్ళు మెట్లమీదుగా జారుతుంటే నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. స్కూల్ లైబ్రరీలో నా పార్ట్‌టైమ్ పనికి శుక్రవారం సెలవు. మంచు పడేదాకా ప్రతి శుక్రవారం అదే పని. ఏప్రిల్‌లో మంచు పోగానే మళ్ళీ మొదలుపెట్టాను. 'తడిగుడ్డతో తుడిస్తే చాలు, అవి ప్లైవుడ్ నేలలు' అని మావారు ట్రైలర్ కొన్న రోజే అన్నారు. సరేనన్నాను. ఆయన తుడుస్తున్నాననే అనుకున్నారు. బయలుదేరే ముందురోజు కూడా, మంచి పనికి వెళ్తున్నాం కదా అని, ఆయన పెట్రోల్ కొట్టించుకు రావడానికి వెళ్ళినప్పుడు రెండు బకెట్లు పోశాను.

రాక్‌ఫోర్డ్ దాటి విస్కాన్సిన్‌లోకి వచ్చేసరికి ఎనిమిది కావస్తోంది. ట్రైలర్ వెనక ఉంటే అరవై మైళ్ళకి మించి పోకూడదని మావారి నియమం. లారీలు మమ్మల్ని దాటేస్తూ ఊపిపోతుంటే ఆయన స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకుని, మాట్లాడకుండా నడిపారు. పదకొండుంపావుకి లాక్రాస్‌కి ముందు, హైవే పక్కనున్న రెస్ట్ ఏరియాలో ఆగాం. పొద్దున కలిపిన పులిహోర, మజ్జిగ.

తింటుండగా ఒక కుర్ర జంట మా వైపు వచ్చింది. అబ్బాయిది వరంగల్ దగ్గరట, మాడిసన్‌లో ఉద్యోగం. రష్‌మోర్ కొండ చూడ్డానికి పోతున్నారు.

"అంకుల్, గిది మీదేనా? మస్తున్నది! లోపల జూడొచ్చా?"

మావారి మొహం వెలిగింది. లోపలికి తీసుకెళ్ళి మంచం, పొయ్యి, పైకప్పు అన్నీ చూపించారు. ఆ అబ్బాయి సింకు ముందు నిలబడి, ఒక కాలు మార్చి ఇంకో కాలు వేశాడు.

"ఆంటీ, ఈడ మెత్తగున్నదేంది? కింద ఫోమ్ గిట్ల ఏసిన్రా?"

"పాతది కదమ్మా, కొంచెం అలాగే ఉంటుంది," అన్నాను. అప్పటికి నాకూ తెలియదు. ఆ మెత్తదనం నాకూ కాలికి తగులుతూనే ఉంది, ఏప్రిల్‌నుంచి. పాత ఇళ్ళలో మామూలే అని సర్దిచెప్పుకున్నాను. మావారు అప్పటికే బయటికి దిగి ఆ అమ్మాయికి గొలుసులు ఎలా బిగించాలో చెబుతున్నారు, వినలేదు.

మినసోటా అంతా పొలాలు, గాలిమరలు, మళ్ళీ పొలాలు. మధ్యాహ్నం ఎండ బాగా ఎక్కింది. జాక్సన్ దాటాక, నాలుగూ పదికి, వెనకనుంచి పెద్ద చప్పుడు. ఆ వెంటనే ఎవరో ట్రైలర్ అడుగుని బెత్తంతో బాదుతున్నట్టు దబదబమని మోత. మావారు బ్రేకు గట్టిగా తొక్కలేదు, మెల్లగా కుడివైపు అంచుకి తీసుకొచ్చి ఆపారు. దిగి చూస్తే కుడివైపు వెనక టైరు లేదు. చక్రానికి నల్లటి పీలికలు వేలాడుతున్నాయి. ఆ పీలికలు తిరుగుతూ చక్రం పైనున్న రేకుని చీల్చేశాయి.

అదృష్టం ఏమిటంటే ట్రైలర్‌కి పక్కకి రెండేసి చక్రాలు. మంచిగా ఉన్న ముందు చక్రాన్ని చెక్కదిమ్మ మీదికి ఎక్కిస్తే, వెనక చక్రం గాల్లోకి లేస్తుంది. జాకీ అక్కర్లేదు. మావారు ఇది వీడియోల్లో చూసి, దిమ్మ కోసి పెట్టుకున్నారు. నలభై నిమిషాల్లో స్పేర్ టైరు వేశారు. తర్వాతి ఎగ్జిట్ మూడు మైళ్ళు. ప్రమాద సూచిక లైట్లు వేసుకుని, ముప్పై మైళ్ళ వేగంతో ఒక చిన్న ఊళ్ళోకి వెళ్ళాం. అయిదూ పదికి టైర్ల షాపు దొరికింది. అయిదున్నరకి మూసేస్తారు.

షాపు యజమాని పేరు డేల్. అరవై దాటిన బక్కపలచని మనిషి. మిగిలిన టైర్ల దగ్గర గొంతుక్కూర్చుని, గీతలవైపు చూడనే చూడలేదు. టైరు పక్కగోడ మీద ఏదో వేలితో వెతికి, "ఇదిగో," అని చూపించాడు. అక్కడ నాలుగు అంకెలుంటాయట. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. టైరు పుట్టిన తేదీ. మావి పదకొండేళ్ళవి. స్పేర్ కూడా. ట్రైలర్ టైర్లు అరిగిపోయి చావవు, కూర్చుని కూర్చుని ముసలివై చస్తాయి, అయిదారేళ్ళకి మార్చేయాలి అన్నాడు. ఈ దారిలో పాత ట్రైలర్‌తో వెళ్ళాలనుకునే వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, గీతలు చూసి మురిసిపోకండి, అంకెలు చూడండి.

"ఇరవై రెండేళ్ళు టెస్టింగ్ చేశాను. ఇది చూడలేదు," అన్నారు మావారు, నాతో కాదు, టైరుతో.

నాలుగూ మార్చాలి. ఆ సైజువి షాపులో రెండే ఉన్నాయి, మిగతావి పొద్దున ఎనిమిదికి వస్తాయి. ఇంకా నాలుగు వందల మైళ్ళుంది, శుక్రవారం పదింటికి బయలుదేరినా సాయంత్రానికి చేరిపోతాం అని లెక్క వేసుకుని, ఊరి సంతమైదానంలో ఇరవై డాలర్లకి ట్రైలర్ పెట్టుకుని పడుకున్నాం. చిత్రంగా ఇద్దరికీ బాగానే నిద్ర పట్టింది.

శుక్రవారం పొద్దున మిగతా టైర్లు వచ్చాక, ఎనిమిదిన్నరకి డేల్ చక్రం ఊడదీసి, చిరిగిన రేకులోంచి టార్చిలైట్ వేసి చూశాడు. చెయ్యి లోపలికి పెట్టి ఒక పిడికెడు తీశాడు. గోధుమరంగు గుజ్జు. తడి కేకుముక్కలా వేళ్ళ మధ్య విరిగిపోయింది.

"ఇది మీ నేల," అన్నాడు.

లోపలికి వచ్చి సింకు ముందు మడమతో నొక్కాడు. గుమ్మం దాకా నొక్కుకుంటూ వెళ్ళాడు. ప్లైవుడ్ కుళ్ళిపోయింది. కొంత మేం కొనకముందునుంచే పాడైనట్టుంది, కానీ ఈ తడి మాత్రం కొత్తది అన్నాడు. పైన వినైల్ షీటు, కింద నల్లటి ప్లాస్టిక్ తొడుగు, మధ్యలో చలి ఆపడానికి పరిచిన దూదిలాంటిది నీళ్ళు పీల్చుకుని కూర్చుంది. అది బయటికి లాగి పిండితే నిజంగానే కారింది. మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు కోసి కొత్త చెక్క వేస్తే చాలు, ఒక్కరోజు పని, వెనక షెడ్డు వాడుకోండి, పనిముట్లు ఇస్తాను అన్నాడు. ప్రాణం లేచివచ్చింది. అంతలోనే, "కానీ ముందు నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో కనుక్కోవాలి. అది ఆపకుండా కొత్త చెక్క వేస్తే ఏడాదిలో మళ్ళీ ఇదే. పాత ట్రైలర్లలో తొంభైపాళ్ళు పైకప్పే," అన్నాడు.

మావారి మొహంలో రక్తం లేదు. వెంటనే నిచ్చెన తెచ్చుకుని పైకి ఎక్కారు.

డేల్ చేతిలోని దూదిముద్దని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "విచిత్రంగా ఉందే, నిమ్మకాయ వాసనొస్తోంది," అని అక్కడే పడేసి, షాపులోకి ఎవరో వస్తే వెళ్ళిపోయాడు.

నేను అక్కడే నిలబడిపోయాను. అప్పుడు తెలిసింది. సింకు నుంచి గుమ్మం దాకా, నా బకెట్ల దారి అది. నేను బయటికి తోసేశాననుకున్న నీళ్ళలో సగం అంచులనుంచి లోపలికే పోయాయి. నెలల తరబడి.

వెంటనే చెప్పేయాల్సింది. చెప్పలేదు. తొమ్మిదిన్నరనుంచి పదకొండున్నర దాకా ఆయన ఆ ఎండలో పైకప్పు మీద మోకాళ్ళమీద పాకుతూ, తను పూసిన ప్రతి అతుకునీ గోటితో గీరి చూశారు. డేల్ దగ్గర హోస్‌పైపు తీసుకుని పైన నీళ్ళు పట్టి, "లోపల ఎక్కడైనా దిగుతోందా?" అని అరిచారు. లోపలనుంచి నేను, "లేదండీ," అన్నాను. "సరిగ్గా చూడు." "చూశానండీ, లేదు." ఇంకోచోట పట్టారు. మళ్ళీ అదే ప్రశ్న, అదే జవాబు. అబద్ధం కాదు, మొత్తం నిజమూ కాదు. వద్దన్న పని చేశానని ఒప్పుకోవడం ఒక సిగ్గు. ఎనిమిది నెలల తర్వాత వచ్చిన ఒక్క అవకాశాన్ని నా చేత్తో నేనే నానబెట్టాననేది అంతకన్నా పెద్ద భయం.

పదకొండున్నరకి ఆయన దిగి వచ్చారు. చొక్కా తడిసిపోయింది. నా పక్కన మెట్టుమీద కూర్చున్నారు.

"ఫోన్ ఇవ్వు విజయా. రాలేమని చెప్పేస్తాను. ఆ చోటు వెయిటింగ్‌లో ఉన్నవాళ్ళకైనా పనికొస్తుంది."

"ఎందుకండీ, ఇంకా టైముంది కదా..."

"లీక్ ఎక్కడుందో దొరకట్లేదు. నేను సీల్ చేసిన రూఫే. ఈ ఏడాది మొత్తంలో ఒక్క పని సరిగ్గా చేశాననుకున్నాను. అదీ లేదు."

ఆ మాట తర్వాత ఇక నావల్ల కాలేదు.

"రూఫ్ కారలేదండీ. నేను పోశాను."

"ఏం పోశావు?"

"నీళ్ళు. ప్రతి శుక్రవారం రెండు బకెట్లు. కడిగాను. మీరు తుడవమన్నారు, నేను కడిగాను. మొన్న కూడా."

తిడతారని తలవంచుకున్నాను. కన్నీళ్ళు ఆగలేదు.

"రూఫ్ కారలేదా?" అన్నారు.

"కారలేదు."

"అక్టోబర్‌నుంచి ఒక్కసారి కూడా?"

"ఒక్క చుక్క కూడా."

ఆయన లేచి, రెండడుగులు వెనక్కి వేసి, పైకప్పు అంచుని చూశారు. సొంత బిడ్డ మార్కుల కాగితం చూసినట్టు చూశారు. "రెండు గంటలు హోస్ పట్టినా దిగలేదు కదూ!" అన్నారు. మొహంలో నవ్వు. అప్పటికి కోపం ఆయనకి తట్టనేలేదు.

తర్వాత తట్టింది. పన్నెండున్నరకి వినైల్ కోస్తూ, కత్తి పక్కన పెట్టి, "పొద్దునే చెప్పి ఉంటే రెండు గంటలు మిగిలేవి కదా. పైన నన్ను పాకుతుంటే చూస్తూ కూర్చున్నావా?" అని గట్టిగా అరిచారు. న్యాయమైన కోపం. అరగంట మా ఇద్దరి మధ్య రంపం తప్ప ఏదీ నోరెత్తలేదు. కానీ ఒకటి గమనించాను. పెళ్ళయిన కొత్తలో ఆయన ఇలాగే కోప్పడేవారు, అరగంటలో అయిపోయేది. ఆ ఎనిమిది నెలలూ ఆయన నామీద ఒక్కసారి కూడా కోప్పడలేదు. కోప్పడేంత ఓపిక లేక.

పని ఇలా జరిగింది. చెయ్యాల్సి వచ్చినవాళ్ళకి పనికొస్తుందని చెబుతున్నాను. ముందు సింకు పక్క బరువులన్నీ దింపాం. రెండు బియ్యం బస్తాలు, వెట్ గ్రైండర్, పచ్చళ్ళ సీసాలు, పప్పులు, అన్నీ బయలుదేరేటప్పుడు నేనే కుడివైపు సర్దాను. డేల్ గ్రైండర్‌లోని రాయిని రెండు చేతులతో ఎత్తి చూసి, ఆ టైరు ఎందుకు ముందు పోయిందో ఇప్పుడర్థమైంది అన్నాడు. తర్వాత వినైల్, కుళ్ళిన ప్లైవుడ్, తడి దూది అంతా తీసేశాం. కింద అడ్డదూలాల్లో ఒకటి మెత్తబడింది. దానికి కొత్త చెక్క జతచేసి బోల్టులు బిగించారు. పెద్ద ఫ్యాన్ పెట్టి రెండు గంటలు ఆరబెట్టాం. ఆ వ్యవధిలో డేల్ నాలుగు కొత్త టైర్లూ ఎక్కించి, చక్రం పైన కొత్త రేకు తాపడం చేశాడు. మావారు కొత్త ప్లైవుడ్‌ని నాలుగుసార్లు కొలిచి, ఒకేసారి కోశారు. సరిగ్గా కూర్చుంది. స్క్రూలు నేను బిగించాను. నీళ్ళు పోసిన చేతికి ఆ పని పడాల్సిందే అని అడిగి మరీ తీసుకున్నాను. పైన షీటు వేసే టైము లేక, చెక్కకి రంగు పూసి వదిలేశాం. ఎండ ఇంకా ఉండగానే, ఏడున్నరకి, అయిపోయింది.

డేల్ ఆ చెక్కమీద నిలబడి రెండుసార్లు ఎగిరాడు. "నా షాపు నేల ఇంత గట్టిగా లేదు," అన్నాడు. టైర్లకీ చెక్కకీ తీసుకున్నాడు, షెడ్డుకి వద్దన్నాడు. నేను పెట్టిన పెరుగన్నం కూడా వద్దన్నాడు, ఆరింటికే శాండ్‌విచ్ తినేశానని. రంగు ఆరాలి, మాకు ఒళ్ళు కదిలేలా లేదు. పొద్దున అయిదింటికి బయలుదేరాలని నిర్ణయించుకున్నాం.

శనివారం అయిదింటికే కదిలాం. మావారు కాగితం మీద లెక్క వేసి చూపించారు. నాలుగు వందల మైళ్ళు, అరవై చొప్పున ఆరు గంటల నలభై నిమిషాలు. టైర్లు చూసుకోవడానికి ఆగాల్సినవి కలిపితే పన్నెండున్నర దాటుతుంది. "అరగంట ఆలస్యం. ఫోన్ చేసి బతిమాలుకుందాం," అన్నారు. వేగం పెంచుదామా అంటే తల అడ్డంగా ఊపారు. వందేసి మైళ్ళకి ఆగి, నాలుగు టైర్లనీ అరచేత్తో తాకి వేడి చూశారు. నాలుగూ ఒకేలా వెచ్చగా ఉంటే మంచిదే, ఒకటి మరీ వేడెక్కితే దాంట్లో గాలి తక్కువ అని అర్థం. నేను లోపలికి వెళ్ళి నేల చూశాను. గట్టిగా ఉంది.

చేంబర్లెన్ దగ్గర మిసోరీ నదిని దాటాం. అంత పెద్ద నది, ఎండలో మెరుస్తోంది. ఎప్పుడైనా వెళ్తే అక్కడ ఆగండి, మేం ఆగలేదు. ఆ తర్వాత నేల పసుపుపచ్చగా, అలలుగా మారింది. ట్రక్కులో గడియారం పదిన్నర చూపిస్తోంది. మావారు ఫోన్‌లో మేనేజర్ నంబర్ తీసి పెట్టమన్నారు. తీస్తుంటే ఫోన్‌లో టైము తొమ్మిదిన్నర అని ఉంది.

"ఏమండీ, నా ఫోన్ పాడైనట్టుంది. గంట వెనక్కి చూపిస్తోంది."

ఆయన ఒక క్షణం ఆలోచించి, స్టీరింగ్ మీద అరచేత్తో కొట్టారు. "మౌంటెన్ టైమ్! ఇక్కడ గంట వెనక్కి. పన్నెండంటే వాళ్ళ పన్నెండు!"

ఇరవై రెండేళ్ళు హైదరాబాద్ టైమూ షికాగో టైమూ కలిపి మీటింగులు పెట్టిన మనిషి. ఆ మాటే అన్నాను. "ఊరుకో," అన్నారు కానీ నవ్వు ఆపుకోలేకపోయారు. ఇద్దరం ఒక మైలు దూరం పిచ్చివాళ్ళలా నవ్వాం.

అక్కడి టైము పదకొండూ ముప్పై అయిదుకి క్యాంప్‌గ్రౌండ్ గేటు దగ్గర ఆగాం. మేనేజర్ యాభై ఏళ్ళావిడ, టోపీ పెట్టుకుని, చేతిలో కాగితాలు తగిలించిన అట్టతో వచ్చింది. నాలుగు నెలలు ఉండే ట్రైలర్ కాబట్టి లోపల చూడాలంది. ఆవిడ సింకు ముందు ఆగి, షీటు లేని ఆ చెక్కని చూసి, కాలితో తట్టింది.

"ఇది ఎవరు చేశారు?"

"నేను," అన్నారు మావారు. "నిన్న."

ఆవిడ ఇంకోసారి తట్టింది. "వెనక స్నానాల గదుల్లో ఒకదాని నేల ఇలాగే మెత్తబడింది. వచ్చే వారం చూస్తారా?"

"ఇప్పుడే చూస్తాను," అన్నారాయన. భోజనం కూడా చేయకుండా ఆవిడ వెనకే వెళ్ళిపోయారు.

ఆ వేసవి గురించి ఎక్కువ చెప్పను. పొద్దున్నే సరస్సు మీద పొగమంచు, మధ్యాహ్నం వడగళ్ళు, సాయంత్రం పిల్లల సైకిళ్ళు. నేను తడిగుడ్డతో తుడిచాను, అప్పుడప్పుడూ చేతులు దురద పెట్టేవి. ఉద్యోగం ఇంకా రాలేదు. వచ్చే మేలో మళ్ళీ రమ్మని మేనేజర్ అంది.

సెప్టెంబర్ చివర్లో తిరుగుప్రయాణం. రెండోరోజు మినసోటాలో ఒక రెస్ట్ ఏరియాలో టీకి ఆగాం. మా పక్కన మాకన్నా పాత ట్రైలర్ ఒకటి. దాని చక్రం ముందు ఒక ముసలాయన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. మావారు టీ కప్పు నా చేతిలో పెట్టి, "ఒక్క నిమిషం," అని వెళ్ళారు. నలభై నిమిషాలు పట్టింది. ఆయన మోకాళ్ళమీద కూర్చుని టైరు అంకెలు చదవడం, లోపలికి వెళ్ళి మడమతో నేల నొక్కడం, ఆ ముసలాయన కాగితం తెచ్చుకుని రాసుకోవడం, అన్నీ ట్రక్కులోంచి చూస్తూ కూర్చున్నాను.

చేతులు తుడుచుకుంటూ వచ్చారు. "రెండు టైర్లు మార్చుకోవాలి విజయా. నేల మాత్రం భలే గట్టిగా ఉంది, ఇంకో పదేళ్ళొస్తుంది," అన్నారు, అది మా ట్రైలరే అయినట్టు. ట్రక్కు రోడ్డెక్కాక కూడా ఆపలేదు. ఆ టైరు ఎందుకు అలా ఒకవైపే అరిగిందో, ఇరుసు ఎక్కడ వంగి ఉంటుందో, ఆయనైతే ఏం చేస్తారో, ఆ ముసలాయన ఏమన్నాడో, తను ఏమన్నారో. టీ చల్లారిపోయింది. మార్చినెలలో మా భోజనాల బల్ల దగ్గర ఈ గొంతు ఇక వినపడదేమోనని నేను ఎంత భయపడ్డానో ఆయనకి ఇప్పటికీ తెలియదు. విస్కాన్సిన్ వచ్చినా చెబుతూనే ఉన్నారు. నేను ఒక్కమాట కూడా అడ్డం వేయలేదు.